ప్రయోగం తర్వాత ఏం జరిగింది?

(బి.ఎడ్., డి.ఎడ్. కళాశాలల సైకాలజీ అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులందరికీ నమస్కారం.

మన దగ్గర సైకాలజీ చదివేవాళ్లలో దాదాపు ఎవరూ సైకాలజిస్టులు కారు. టీచర్లు అవుతారు. టెట్‌లో 150 మార్కులకు శిశు వికాసం, పెడగాజీ వాటా 30. ఆ 30 కోసం పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ దగ్గరున్న సుల్తాన్ అనే చింపాంజీ అన్నీ నోటికి వచ్చేస్తాయి. ఎవరు, ఏ జంతువు మీద, ఏ సూత్రం చెప్పారో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఉద్యోగం రావాలి కదా, అందులో తప్పేం లేదు. కానీ ఉద్యోగం వచ్చాక ఆ మనిషి దశాబ్దాల తరబడి పిల్లల మధ్యే ఉంటారు. లెక్క రాని పిల్లాడిని చూసి ‘వీడింతే’ అనుకుంటారా, ‘ఇంకోలా చెప్పి చూద్దాం’ అనుకుంటారా అన్నది కొంతవరకు మనం చెప్పిన పాఠం మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే ఈ రోజు మిమ్మల్ని ఒక్కటే అడగాలని వచ్చాను. ప్రయోగం చెప్పి ఆపేయొద్దు. ఆ తర్వాత దాన్ని ఎవరు మళ్లీ చేశారో, ఎంతవరకు నిలబడిందో కూడా చెబుదాం.

ఇది ఇప్పుడు ఎందుకు అవసరమో మీలో చాలామందికి తెలుసు. మూడు ప్రముఖ సైకాలజీ పత్రికల్లో 2008లో వచ్చిన వాటిలో 100 అధ్యయనాలను 270 మంది పరిశోధకులు కలిసి మళ్లీ చేశారు. ఫలితాలు 2015లో బయటపెట్టారు. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో సార్థకమైన ఫలితం, అంటే కాకతాళీయమని తేలిగ్గా కొట్టిపారేయలేని ఫలితం వచ్చింది. మళ్లీ చేసినప్పుడు 36 శాతంలోనే వచ్చింది. స్మృతి, అవధానం లాంటి అంశాల్లో సగం దాకా నిలబడ్డాయి. సాంఘిక మనోవిజ్ఞానంలో నాలుగో వంతే నిలబడ్డాయి. ఇది చూసి సైకాలజీ అంతా గాలి మాటలు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తన లెక్కలను తానే మళ్లీ సరిచూసుకుని, వచ్చిందాన్ని దాచకుండా అచ్చువేసిన శాస్త్రం మీద నాకు గౌరవం పెరిగింది. కాకపోతే మనం ఇంకా ఆ పాత లెక్కలే పాఠంగా చెబుతుంటే బాగుండదు.

మన లెసన్ ప్లాన్లలో పాతుకుపోయిన అభ్యసన శైలుల సంగతి తీసుకుందాం. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ఎవరి శైలిలో వాళ్లకు చెబితే బాగా వస్తుంది అంటాం. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో తెచ్చిన, ఎవరి శైలి ఏదో తేల్చే వార్క్ ప్రశ్నావళి అందరికీ తెలిసిందే. 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్కపెడితే ఇలాంటి నమూనాలు 71 తేలాయి. పిల్లలంతా ఒకేలా ఉండరన్న మంచి ఆలోచన దీని వెనక ఉంది. మన వైయక్తిక భేదాల పాఠానికి చక్కగా అతుకుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మరి దీన్ని పరీక్షించేదెలా? హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డానియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ 2008లో దీనికి సూటిగా దారి చూపించారు. పిల్లలను శైలిని బట్టి ‘చూసేవాళ్లు’, ‘వినేవాళ్లు’ అని విడదీయాలి. ఒక్కో జట్టులో లాటరీ తీసి, సగం మందికి బొమ్మలతో, మిగతా సగానికి మాటలతో అదే పాఠం చెప్పాలి. చివర్లో అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. చూసేవాళ్లు బొమ్మల పాఠంతోనూ, వినేవాళ్లు మాటల పాఠంతోనూ మెరుగ్గా రాస్తేనే సిద్ధాంతం నిలిచినట్టు. ఇంత కచ్చితంగా చేసిన అధ్యయనాలు వాళ్లకు కొద్దిగానే దొరికాయి. దొరికినవాటిలో చాలా వాటి ఫలితాలు సిద్ధాంతానికి ఎదురు తిరిగాయి.

ఈ ప్రయోగ నమూనాను బోర్డు మీద గీయండి. చూసేవాళ్ల మార్కులకు ఒక గీత, వినేవాళ్ల మార్కులకు ఒక గీత. సిద్ధాంతం నిజమైతే ఈ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాలి, దాటకపోతే ఏమని అర్థం అని అడగండి. రీసెర్చ్ మెథడ్స్ అనగానే టెన్షన్ పడే విద్యార్థికి కూడా ఈ ఒక్క బొమ్మతో నియంత్రిత ప్రయోగం అంటే ఏమిటో తెలిసిపోతుంది. నిర్వచనం కంఠస్థం చేయిస్తే ఆ తెలివిడి రాదు.

వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. అయితే పిల్లలంతా ఒకటేనా మేడం? కాదు. చూపు లేని పిల్లకు బ్రెయిలీ కావాలి. అది ఆమె అవసరం, శైలి కాదు. నాలుగో తరగతి లెక్కలు రాకుండా ఏడులోకి వచ్చిన పిల్లాడికి ముందు నాలుగో తరగతి లెక్కలు కావాలి. అతనికి, పక్కవాడికి ఉన్న అసలు తేడా అదే. త్రిభుజం బొమ్మ చూడకుండా, లేదా చేత్తో తడమకుండా ఎవరికీ రాదు. ‘ల’కూ ‘ళ’కూ తేడా వినకుండా, పలకకుండా ఎవరికీ పట్టుబడదు. ఎలా చెప్పాలో చాలావరకు పాఠమే నిర్ణయిస్తుంది. పిల్లకు తగిలించిన ముద్ర నిర్ణయించదు. ‘నేను విజువల్ లెర్నర్‌ని, చదివితే ఎక్కదు’ అని పదమూడేళ్ల పిల్ల తన గురించి తాను చెప్పుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ మాట ఆమెకు నేర్పింది పెద్దవాళ్లే. వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివి ఏ రకమో చెబుతామనే డీఎంఐటీ పరీక్షలవాళ్లు మన ఊళ్లలో తల్లిదండ్రుల దగ్గర ఫీజు వసూలు చేయగలుగుతున్నారంటే, ఈ రకాల మీద నమ్మకం ముందే నాటుకుపోయి ఉండటమూ ఒక కారణం. ఆ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని మన విద్యార్థులకు బాహాటంగా చెప్పాలి. రేపు తల్లిదండ్రులు అడిగేది వాళ్లనే.

ఇక వాల్టర్ మిషెల్ మార్ష్‌మాలో ప్రయోగం. ఈ మిఠాయి ఇప్పుడే తినొచ్చు, నేను వచ్చేదాకా ఆగితే రెండిస్తాను అనే ప్రయోగం. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో మొదలైంది. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని 1990లో రాశారు. అప్పటినుంచి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఇది లేకుండా ఉండదు. ఓపిక ఉన్నవాడు పైకొస్తాడు, లేనివాడు అక్కడే ఉంటాడు అని ముగిస్తారు.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హోనన్ క్వాన్ తొమ్మిది వందల మందికి పైగా పిల్లల సమాచారంతో దీన్ని మళ్లీ చూశారు. తల్లులు డిగ్రీ చదవని పిల్లల్లో, ఆగడానికీ పదిహేనేళ్ల వయసులో చదువుకూ ఉన్న సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే ఉంది. ఇంటి పరిస్థితులు, చిన్ననాటి సామర్థ్యం లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు తగ్గిపోయింది.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన పని. 28 మంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనం. ముందుగా పిల్లలకు మంచి రంగులు తెచ్చిస్తామని మాటిచ్చారు. సగం మందికి తెచ్చిచ్చారు. మిగతా సగానికి ‘సారీ, లేవు’ అన్నారు. ఆ తర్వాత మిఠాయి ముందు పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ల దగ్గర పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల దగ్గర మూడు నిమిషాలే. మూడు నిమిషాలు ఆగిన పిల్లకు నిగ్రహం లేదంటామా? ఇచ్చిన మాట నిలవని చోట దొరికింది దొరికినట్టు తినేయడం తెలివైన పనే. యూనిఫాం వచ్చే నెల, పుస్తకాలు వచ్చే వారం అని వింటూ పెరిగే మన హాస్టల్ పిల్లలను గుర్తు చేసుకోండి. వాళ్లకు ఓపిక లేదని రిపోర్టులో రాసే ముందు, వాళ్లకిచ్చిన మాటల్లో ఎన్ని నిలబెట్టామో టీచరు లెక్క చూసుకోవాలి.

2022లో వచ్చిన ఇంకో అధ్యయనంలో జపాన్ పిల్లలు తిండి కోసం ఎక్కువసేపు ఆగారు, బహుమతి విప్పడానికి అంత ఆగలేదు. అమెరికా పిల్లల్లో ఇది తిరగబడింది. అందరికీ వడ్డించేదాకా ఆగడం జపాన్‌లో అలవాటు. మధ్యాహ్న భోజనం దగ్గర బంతిలో కూర్చునే మన పిల్లలు ఎంతసేపు ఆగుతారో ఇంటర్న్‌షిప్‌లో మన విద్యార్థులే గమనించి రాయొచ్చు. కాపీ చేసిన కేస్ స్టడీల కంటే అది విలువైన రికార్డు అవుతుంది.

అన్నీ కూలిపోయినవే చెబుతున్నానని అనుకోవద్దు. రోజులు గడిచేకొద్దీ ఎంత మరిచిపోతామో చూపే ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రరేఖ 1885 నాటిది. తన మీద తానే చేసుకున్న ప్రయోగం. 2015లో మురే, డ్రోస్ దాన్ని మళ్లీ చేస్తే దాదాపు అదే వక్రరేఖ వచ్చింది. అయితే మనం దీన్ని చెప్పే తీరులో ఒక పొరపాటు ఉంది. ఒక రోజు తర్వాత 66 శాతం, 31 రోజుల తర్వాత 79 శాతం మరిచిపోతాం అని బిట్టు చెప్పేస్తాం. ఆయన కొలిచింది ఎన్ని పదాలు గుర్తున్నాయని కాదు. మళ్లీ నేర్చుకోవడానికి పట్టిన సమయం ఎంత తగ్గిందని. 31 రోజుల తర్వాత కూడా తిరిగి నేర్చుకునే శ్రమలో 21 శాతం ఆదా అయింది. అంటే ఏమీ గుర్తులేదని ఏడ్చే పిల్లలో కూడా పాత చదువు కొంత మిగిలే ఉంటుంది. రెండోసారి త్వరగా వస్తుంది. టీచరుకు కావాల్సింది ఆ సంగతి.

దాని పక్కనే రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగం చెప్పండి. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలు పుస్తకం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లు ముందున్నారు, 83కి 71 శాతం. వారం తర్వాత చూస్తే చదివినవాళ్లకు 40 శాతం, రాసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. మన రెసిడెన్షియల్ కాలేజీల స్టడీ అవర్లు చాలావరకు చదివింది మళ్లీ చదివించడంతోనే గడిచిపోతాయి. పుస్తకం మూయించి, మార్కులు వేయకుండా ఓ తెల్ల కాగితం ఇవ్వడానికి ఖర్చేం లేదు. ముందు మన సైకాలజీ క్లాసులోనే మొదలుపెడదాం.

చివరగా టీచరు అంచనాల సంగతి. రోసెంతాల్, జాకబ్సన్ 1968లో ప్రచురించిన ప్రయోగంలో, కాలిఫోర్నియాలో ఒక బడి టీచర్లకు కొన్ని పేర్లిచ్చి, ఈ పిల్లలు త్వరలో వికసిస్తారన్నారు. ఆ పేర్లు లాటరీగా ఎంచినవి. ఏడాది తర్వాత వాళ్ల ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) ఎక్కువ పెరిగిందని రాశారు. దాని మీద అప్పుడే గట్టి విమర్శలు వచ్చాయి. పెరుగుదల ప్రధానంగా మొదటి రెండు తరగతుల్లోనే కనిపించింది. 1984లో రౌడెన్‌బుష్ 18 ప్రయోగాలను కలిపి చూస్తే, టీచరుకు పిల్లలతో పరిచయం బాగా కొత్తగా ఉన్నప్పుడే ఆ ప్రభావం తేలింది. పిల్లలను దగ్గరగా ఎరిగిన టీచరు ఎవరో ఇచ్చిన ముద్రను నమ్మరన్నమాట. జూన్‌లో మొదటి రెండు వారాలు అందుకే విలువైనవి.

దీనికి మన దేశపు అధ్యాయం ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత చిక్కుదారుల బొమ్మలు పూర్తి చేయించారు. పూర్తి చేసినదానికి డబ్బులిచ్చారు. కులం బయటపెట్టనప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ తేడా లేదు. అందరి ముందు కులంతో సహా పేరు చదివితే దళిత పిల్లల ఫలితం ఐదో వంతుకు పైగా పడిపోయింది. డబ్బులు ఎవరికి ఇవ్వాలో లాటరీతో తేల్చినప్పుడు ఆ తేడా పోయింది. తమను న్యాయంగా చూడరన్న అపనమ్మకమే పిల్లల పట్టుదలను తగ్గించి ఉంటుందని పరిశోధకులు భావించారు. ఇది ఒక ప్రాంతంలో చేసిన పని, ఇతరచోట్ల మళ్లీ చేయాలి. కానీ స్కాలర్‌షిప్ ఫారాల కోసం ‘ఎస్సీలు లేవండి, బీసీలు చేతులెత్తండి’ అని పిలిచే పద్ధతి ఆపడానికి ఇంకో ప్రయోగం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ వివరాలు ఆఫీసు రిజిస్టర్లో ఉంటాయి.

మరి పరీక్షలో పాత జవాబే కీలో ఉంటే ఏం చేయాలి? పిల్లలతో ఉన్నదున్నట్టు చెప్పండి. బిట్టుకు కీ ప్రకారం పెట్టండి, క్లాసులో మాత్రం తేలినదాని ప్రకారం నడవండి అని. ఈ రెండూ విడిగా గుర్తుపెట్టుకోవడం వాళ్లకు కష్టమేం కాదు. ఇంటర్నల్ పేపర్లు మాత్రం మన చేతిలోనివే. వాటిలో ఒక్క ప్రశ్నయినా ఇలా ఇద్దాం: ‘ఒక బడిలో పిల్లలకు ప్రశ్నావళి ఇచ్చి, ఎవరి అభ్యసన శైలిని బట్టి వాళ్లను వేరువేరు సెక్షన్లలో కూర్చోబెట్టాలని ప్రధానోపాధ్యాయుడు అనుకుంటున్నారు. మీ సలహా ఏమిటి? దానికి ఆధారం ఏమిటి?’ భోజనాల తర్వాత గ్రూపులుగా కూర్చున్నప్పుడు మీ మీ యూనిట్ల నుంచి ఇలాంటి ప్రశ్నలు తయారుచేద్దాం. అభ్యసన సిద్ధాంతాల యూనిట్‌తో మొదలుపెడితే మంచిది, బిట్లు ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే.