పసుపు ముద్ద కన్నా ముందు తలుపు చెక్క

సభకు నమస్కారం. ఆగస్టు 29, గిడుగు వారి జయంతి. పర్లాకిమిడిలో ఈ రోజు మైకు ఇస్తే భాష గురించి మాట్లాడాలి. నేను వెన్నుపాము గురించి మాట్లాడతాను, పెద్దలు మన్నించాలి.

మా చిన్నాన్న జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. స్పృహలోనే ఉన్నాడు. "కాళ్లు తెలీట్లేదురా" అన్నాడు. ఇద్దరు చంకలు పట్టుకున్నారు, ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. ఎత్తగానే నడుము దగ్గర వంగిపోయాడు. నులక మంచంలో వేశాం. వీపుకి పసుపు ముద్ద కట్టి, పసరు తాగించి, తెల్లారేదాకా చూశాం. తర్వాత పదకొండేళ్లు ఆయన లేవలేదు. ఆ రోజు కాళ్లు పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ని.

పసుపుని నేను తిట్టడం లేదు. వెన్నుపాముకి దెబ్బ రెండుసార్లు తగులుతుంది. మొదటిది పడిన క్షణంలో. రెండోది ఆ తర్వాత గంటలు, రోజుల పాటు: వాపు వస్తుంది, రక్తం సరిగా అందదు, పక్కనున్న మంచి కణాలూ చచ్చిపోతాయి. ఈ రెండో దెబ్బని ఆపగలవేమోనని పసుపులోని కర్కుమిన్‌ని, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్‌ని, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్‌ని ఎలకల మీద పరీక్షిస్తున్నారు. కొన్ని పరీక్షల్లో వాపు తగ్గింది, కాళ్ల కదలిక మెరుగైంది. చదివినప్పుడు నాకు కళ్లనీళ్లొచ్చాయి.

కానీ అది శుద్ధి చేసి, కొలిచి ఇచ్చిన మందు. పసుపు కొమ్ములో కర్కుమిన్ నూటికి మూడు పాళ్లు, అటూ ఇటూగా. తిన్నా రక్తంలోకి చేరేది బహు తక్కువ. మిరియాల్లోని పైపరీన్ కలిపితే దాదాపు 20 రెట్లు ఎక్కువ చేరిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అదీ వెన్నుపాము గాయానికి వైద్యం కాదు. వీపు మీద కట్టిన ముద్ద లోపలి నరానికి అందదు. మనిషి వెన్నుపాముని బాగుచేస్తుందని రుజువైన మొక్కమందు ఇంకా రాలేదమ్మా. వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఎత్తే పద్ధతి.

పడ్డవాణ్ని కూర్చోబెట్టొద్దు. తల, మెడ కదలనివ్వొద్దు. 108కి ఫోన్ చేయండి. కదపక తప్పకపోతే తలుపు చెక్క తెండి. నలుగురైదుగురు కలిసి తల, మెడ, వీపు ఒకే వరసలో ఉంచి దాని మీదికి చేర్చండి.

సవర పిల్లలకి చదువు చెప్పడానికి గిడుగు వారు ముందు సవర నేర్చుకున్నారు. 1938లో నిఘంటువే తెచ్చారు. చెట్లెక్కేది కొండ మీద సవరలు. మనం మాత్రం ఈ నాలుగు మాటలు వాళ్ల భాషలో రాసిపెట్టలేదు. తెలుగు, ఒడియా కాగితాలు నా సంచిలో ఉన్నాయి. సవరలో చెప్పగలిగేవాళ్లు ఎవరున్నారు? వెనక నిలబడ్డ తమ్ముడూ, నువ్వేనా? ముందుకి రా నాన్నా, ఇక్కడ కూర్చుని ఇప్పుడే రాద్దాం.