పూల్ నీళ్లు తెల్లబారాయా? షాక్‌కి ఏ క్లోరిన్ కొనాలి: బరంపురం నుంచి రివ్యూ

అందరికీ నమస్కారమండి. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు పూల్స్ చూసుకునేవాళ్లు వానలు మొదలవగానే అడిగే ప్రశ్న ఒకటే. నీళ్లు మసకబారిపోయాయి, షాక్ ఇవ్వాలి, అంటే ఒకేసారి ఎక్కువ క్లోరిన్ వెయ్యాలి, ఏ క్లోరిన్ తెమ్మంటారు అని. అందుకే మన దగ్గర దొరికే నాలుగు రకాలూ ఈ బల్ల మీద పెట్టాను. కాల్షియం హైపో గ్రాన్యూల్స్, లిక్విడ్ హైపో క్యాన్, ట్రైక్లోర్ టాబ్లెట్లు, బ్లీచింగ్ పౌడర్. కంపెనీ పేర్లు చెప్పనండి. కొనేటప్పుడు క్లోరిన్ శాతం ఎంత, తయారైన తేదీ ఏంటి, ఆ రెండూ చూసుకుంటే చాలు.

తమ్ముడూ, కెమెరా కొంచెం కిందికి దించు. చూడండి, మజ్జిగ తేటలా ఉన్నాయి నీళ్లు. అడుగున డ్రెయిన్ జాలీ ఉంది కానీ కనిపించట్లేదు. ఇది అందం సంగతి కాదండి, ఎవరైనా పిల్లాడు మునిగితే పైనుంచి కనపడడు. డ్రెయిన్ కనపడని పూల్‌లోకి ఎవర్నీ దించకండి, ఇంట్లో చుట్టాలు ఎంత అడిగినా సరే.

ఇప్పుడు టెస్ట్ కిట్. పసుపు రంగు వచ్చే కిట్ చవగ్గా దొరుకుతుంది, కానీ అది మొత్తం క్లోరిన్ ఒక్కటే చూపిస్తుంది. నీళ్లలో పనిచేసే క్లోరిన్ ఎంత, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి పని మానేసిన క్లోరిన్ ఎంత అన్నది విడిగా చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ చెబుతుంది. షాక్ ఇవ్వాలనుకునేవాళ్లు దీనికే డబ్బు పెట్టండి. ఈ పూల్‌లో ఫ్రీ క్లోరిన్, అంటే పనిచేసేది, 0.5 పీపీఎం (లీటరు నీళ్లకి అన్ని మిల్లీగ్రాములు), మొత్తం 2. అంటే 1.5 పీపీఎం అలా చెమటా మూత్రంతో కలిసి కట్టుబడిపోయి ఉంది. ముక్కు మండే ఆ ఘాటు వాసన దీనిదే. చాలామంది ఆ వాసన రాగానే క్లోరిన్ ఎక్కువైందనుకుని వెయ్యడం మానేస్తారు. నిజానికి అది క్లోరిన్ చాల్లేదని చెప్పే వాసన.

కట్టుబడిన క్లోరిన్‌ని విడగొట్టాలంటే దానికి దాదాపు పదింతలు కొత్త క్లోరిన్ ఒక్కసారిగా పడాలి. షాక్ అంటే అంతేనండి. రోజూ గుప్పెడు గుప్పెడు చల్లితే ఆ స్థాయికి ఎప్పటికీ చేరదు, సరుకు వృథా. లెక్క చూద్దాం. పూల్ పొడవు 10 మీటర్లు, వెడల్పు 4, సగటు లోతు 1.2. అంటే 48,000 లీటర్లు. 15 పీపీఎం కావాలంటే 720 గ్రాముల క్లోరిన్. 65 శాతం గ్రాన్యూల్స్ అయితే సుమారు 1.1 కిలో. 10 శాతం లిక్విడ్ అయితే 7 లీటర్ల పైచిలుకు.

లెక్క బాగానే ఉంది కానీ పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార స్థాయి, చూడకుండా వేస్తే సగం పైన నష్టం. ఈ నీళ్లు 7.9 చూపిస్తున్నాయి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం దాకా క్రిముల్ని చంపే రూపంలో ఉంటుంది. 8కి వెళ్తే పావు వంతే. పైగా పీహెచ్ ఎక్కువుంటే నీళ్లలోని సున్నం విడిపోయి, అదే మసకగా తేలుతుంది. ముందు యాసిడ్‌తో 7.2, 7.4 మధ్యకి దించి, పంప్ కొన్ని గంటలు తిప్పి, ఆ తర్వాతే క్లోరిన్. రెండూ ఒకే బకెట్‌లో, ఒకే మగ్గుతో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఇక సరుకు సంగతి. బ్లీచింగ్ పౌడర్ మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చింది. తుఫాను వెళ్లాక బావిలో బ్లీచింగ్ వేసుకోవడం మన ఇళ్లలో పెద్దలకు అలవాటైన పని. బావికి అది మంచిదే. పూల్‌కి మాత్రం నేను వద్దంటాను. అందులో క్లోరిన్ 30 శాతం అటూ ఇటూ, మిగతాది చాలావరకు సున్నం. ఇందాకటి లెక్కకి 2.4 కిలోలు వెయ్యాలి. మసక పోగొట్టడానికి అంత సున్నం పోసుకుంటామా? తప్పదంటే ముందు డ్రమ్ములో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పొయ్యండి.

టాబ్లెట్లు రోజువారీ వాడకానికి బాగుంటాయి. నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి షాక్‌కి పనికిరావు. వీటిలో స్టెబిలైజర్, అంటే సయనూరిక్ యాసిడ్ కలిసే వస్తుంది. అది ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడుతుంది, 30 నుంచి 50 పీపీఎం దాకా మేలే. కానీ పేరుకుపోయిందంటే క్లోరిన్ మందగిస్తుంది. కిట్‌లో క్లోరిన్ నిండుగా కనిపిస్తూనే నీళ్లు మాత్రం తేటపడవు. నీళ్లు కొంత తీసేసి కొత్తవి నింపడం తప్ప దానికి సులువైన దారి లేదు.

లిక్విడ్ హైపోలో సున్నం ఉండదు. మీ బోరు నీళ్లకి బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందంటే మీకు ఇదే సరైనది. లోపం ఏంటంటే వేడికి బలం పోతుంది. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన క్యాన్ మీద 10 శాతం అని రాసున్నా లోపల అంత ఉండదు. పాత క్యాన్ ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

గ్రాన్యూల్స్ నాకు బాగా నచ్చినవి. బలం నిలుస్తుంది, కొలవడం తేలిక. నీళ్లు మరీ కఠినంగా లేని చోట షాక్‌కి వీటికే నా ఓటు. బకెట్ నిండా నీళ్లు ముందు, పౌడర్ తర్వాత. పౌడర్ మీద నీళ్లు పొయ్యకూడదు. కళ్లద్దాలు, గ్లవ్స్ ఉండాలి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడాలి. మన తీరం గాలి సాయంత్రం పూట ఊరుకోదు కదా.

పొద్దుగుంకాకే వెయ్యండి. ఎండలో వేస్తే స్టెబిలైజర్ లేని క్లోరిన్ కొన్ని గంటల్లోనే చాలావరకు పోతుంది. రాత్రంతా పంప్ ఆడాలి. ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. క్లోరిన్ 10 పీపీఎం దాటితే డీపీడీ గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి తెల్లబడిపోతుంది. సున్నా ఉందనుకుని ఇంకో కిలో పోసేవాళ్లున్నారు. ఒక వంతు పూల్ నీళ్లకి మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి చూసి, వచ్చిన అంకెని నాలుగింతలు చేసుకోండి.

రాత్రి ఒకసారి, సూర్యుడు రాకముందు ఒకసారి కొలవండి. మధ్యలో తగ్గింది 1 పీపీఎం లోపే ఉంటే, కట్టుబడిన క్లోరిన్ 0.5 కిందికి వస్తే, షాక్ పని చేసినట్టు. అయినా నీళ్లు తెల్లగానే ఉండొచ్చు. అక్కడే జనం సరుకుని తిడతారు. క్లోరిన్ నాచుని చంపుతుంది, చచ్చిన నాచుని బయటికి తియ్యాల్సింది ఫిల్టర్. ప్రెజర్ గేజ్ మామూలు కంటే 8, 10 పీఎస్ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేసి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడిగి, మళ్లీ తిప్పండి. ఓపిక లేకపోతే పటిక గానీ పీఏసీ (పాలీ అల్యూమినియం క్లోరైడ్, పటికలాగే మడ్డిని దించేది) గానీ వేసి, పంప్ ఆపి, మడ్డి అడుక్కి దిగాక వాక్యూమ్‌తో నేరుగా బయటికి పంపండి. ఫిల్టర్‌లోకి పంపితే ఇసుక గడ్డ కట్టిపోతుంది. ఎన్ని రోజులు తిప్పినా తేటపడని పూల్స్‌లో నేను ముందు అనుమానించేది ఆ ఇసుకనే.

ఫ్రీ క్లోరిన్ 4 పీపీఎం లోపుకి దిగి, డ్రెయిన్ జాలీ గీతలు స్పష్టంగా కనిపిస్తేనే పూల్ తెరవండి.

మిగిలిన గ్రాన్యూల్స్ మూత బిగించి పొడిచోట పెట్టండి. టాబ్లెట్ల డబ్బా ఆ గదిలోనే వద్దు. తడి తగిలి ఆ రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. ఒకదానికి వాడిన స్కూప్ ఇంకోదానిలో పెట్టొద్దని పనిలో ఉన్న అబ్బాయికి మీరే దగ్గరుండి చెప్పండి. డబ్బాల మీద ఒడియాలో, తెలుగులో రెండింట్లోనూ పేరు రాసి అంటించండి.