ముల్కోవాల్‌లో మూత తీసిన సీసా

అందరికీ నమస్కారం. కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్లకు ప్రజారోగ్య ప్రయోగశాలల చరిత్ర చెప్పమన్నారు. గంటసేపు తేదీలు అప్పజెబుతానని భయపడకండి. ఒక సీసా గురించి చెబుతాను. దాని నంబరు 53ఎన్.

1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలి పోతున్నారు. కలరా టీకాతో అప్పటికే పేరు తెచ్చుకున్న వాల్డెమార్ హాఫ్కిన్‌ను ప్రభుత్వం అక్కడికి రప్పించింది. ఆయనది ఒడెస్సా, పని నేర్చింది పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆయనకు దొరికింది కాస్త చోటు, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. మన దగ్గర సిబ్బంది చాలరని గోల పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. గోల పెట్టడం మాత్రం మానొద్దు.

ఆయన ప్లేగు క్రిములను మాంసం రసంలో పెంచాడు. మతం అడ్డురాకుండా ఆవు, పంది కాదని మేక మాంసం తీసుకున్నాడు. రసం మీద నెయ్యి చుక్కలు తేలేలా వేస్తే, ఒక్కో చుక్క కింద క్రిములు తీగల్లా వేలాడుతూ పెరిగేవి. వాటిని వేడితో చంపితే టీకా. 1897 జనవరి 10న మొదటి సూది తనకే వేయించుకున్నాడు. తర్వాత బైకుల్లా జైల్లో ఒప్పుకున్న ఖైదీలకు వేశారు. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలు ఎంతటిదో వేరే చర్చ. 1899లో ల్యాబ్ పరేల్‌లోని పాత గవర్నమెంట్ హౌస్‌కు మారింది. ఇవాళ్టి హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అదే.

1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్లో 107 మందికి టీకాలు వేశారు. వాళ్లలో 53ఎన్ సీసా మందు పడిన 19 మందికి వారం తిరిగేసరికి ధనుర్వాతం వచ్చింది. 19 మందీ చనిపోయారు. అదేరోజు మిగతా సీసాల మందు వేయించుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

వేళ్లన్నీ పరేల్ వైపే చూపించాయి. కారణం లేకపోలేదు. అంతకుముందే ల్యాబ్ తయారీ పద్ధతి మార్చి, క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లం కలపడం మానేసి, వేడినే నమ్ముకుంది. హాఫ్కిన్‌ను పక్కన పెట్టారు. కానీ విచారణలో ఇంకో సంగతి కూడా నమోదైంది. ముల్కోవాల్‌లో మూత తీసే ఫోర్సెప్స్, అంటే చిన్న పటకారు, సహాయకుడి చేతిలోంచి నేల మీద పడింది. అతను దాన్ని కార్బాలిక్ నీళ్లలో అలా ఆడించి, దాంతోనే మూత తీశాడు. ధనుర్వాతం క్రిమి ఉండేదే మట్టిలో. గట్టి పెంకు కట్టుకుని ఉండే దాని స్పోర్లు ఆ కాస్త తడుపుకు చావవని మీకు వేరే చెప్పక్కర్లేదు.

తప్పు ల్యాబ్‌లో కాదు, ముల్కోవాల్‌లో మూత తీసినప్పుడే జరిగిందన్న వాదనను అధికారుల చెవికెక్కించడానికి ఏళ్లు పట్టింది. 1907లో లండన్ టైమ్స్‌లో పదిమంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి లేఖ రాశారు. అందులో రొనాల్డ్ రాస్ ఒకరు. అవును, మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న ఆ రాసే. ఆ ఏడాదే హాఫ్కిన్ మీద పడ్డ మచ్చ తొలగింది. తిరిగొస్తే పరేల్ ఇవ్వలేదు, కలకత్తాలో చోటు చూపించారు.

ప్రయోగశాల గోడల బయట జరిగిన పనికి కూడా ప్రయోగశాలే జవాబు చెప్పుకోవాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కైనా, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కైనా, మీ జిల్లా ల్యాబ్‌కైనా ఇందులో తేడా లేదు.

రేపు మీకు పరీక్షకొచ్చే మంచినీళ్ల సీసానే తీసుకోండి. క్లోరిన్ కలిపిన నీళ్లు పట్టే సీసాలో ముందే క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచాలి. లేకపోతే సీసా బస్సులో వస్తున్నంతసేపూ క్లోరిన్ తన పని తాను చేసుకుపోతుంది. కొళాయి దగ్గర ఉన్న క్రిములు మీ బల్ల దగ్గరికొచ్చేసరికి చచ్చిపోయి ఉంటాయి. క్రిములను పెంచే మీడియా బాగానే ఉంటుంది, ఇంక్యుబేటర్ సరిగ్గానే ఉంటుంది, రిపోర్టు మాత్రం అబద్ధం చెబుతుంది. ఊళ్లో ఆ నీళ్లే తాగుతుంటారు. ఐసు లేకుండా ఎండలో వచ్చిన సీసాది ఇంకో గొడవ, అందులో క్రిములు ఉన్నవాటికంటే పెరగొచ్చు.

కాబట్టి నీళ్లు ఎక్కడ పట్టారో, ఎన్ని గంటలకు పట్టారో, ఎవరు పట్టారో లేబుల్ మీద లేకపోతే ఆ సీసా తీసుకోకండి. మళ్లీ పట్టి పంపమనండి. పంచాయతీవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.