పాత బోటుకు కొత్త పంపు: పైపు, వైరు, స్విచ్ సంగతి
(కొత్తపట్నంలో షికారు బోట్ల యజమానులు, డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. పాత ఫైబర్ బోటు అడుగున చేరే నీళ్లను బయటికి తోసే బిల్జ్ పంపు గురించి మాట్లాడతాను. అది చాలడం లేదనగానే మనవాళ్లు పెద్ద పంపు కొని, పాత పైపుకూ పాత వైరుకూ తగిలిస్తారు. ఖర్చు తప్ప దానివల్ల బోటుకు ఒరిగేది చాలా తక్కువ.

మన నెల్లూరు, ప్రకాశం తీరంలో నీటి గండం షికారులో ఉన్నప్పటికంటే, మనిషి లేకుండా కట్టేసిన బోటుకే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు తెలియనివి కావు. అయిదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉండి పైన కప్పు లేని బోటులో పది సెంటీమీటర్ల వాన పడితే దాదాపు వెయ్యి లీటర్లు. అంటే ఒక టన్ను బరువు! పైగా ఆ నీళ్లు ఒకచోట నిలవవు. బోటు ఎటు ఒరిగితే అటే జారి, ఆ ఒరుగును ఇంకా పెంచుతాయి. 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో, పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి ఒంగోలు వాళ్లు ఎంతోమంది పోయారు. దాని కారణాలు వేరు. అయినా బరువు ఒక పక్కకు చేరితే ఏమవుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పంపు పెట్టె మీద 1100 అని ఉంటే గంటకు 1100 అమెరికన్ గ్యాలన్లని అర్థం. మన లెక్కలో సుమారు 4,160 లీటర్లు. సాధారణంగా ఆ అంకెను 13.6 వోల్టుల దగ్గర, నీళ్లు పైకెక్కే పని లేకుండా కొలుస్తారు. ఇంజిన్ ఆగిన బోటులో బ్యాటరీ పన్నెండుకు కాస్త పైన ఉంటుంది. నీళ్లు మీటరు ఎత్తు ఎక్కాలి. పైపు లోపల ముడతలుంటే ఇంకా తగ్గుతుంది. పెట్టె మీది అంకెలో సగం వస్తే మంచిదే అనుకోండి. అందుకే ముందు పైపు మార్చండి. లోపల నున్నగా ఉండాలి, పంపు మూతి ఎంత ఉంటే చివరిదాకా అంతే ఉండాలి, వంపులు తక్కువగా ఉండాలి.

వైరు కూడా అంతే ముఖ్యం. బ్యాటరీ నుంచి పంపు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే, పోనూ రానూ ఎనిమిది మీటర్లు. అయిదు ఆంపియర్లు లాగే పంపుకు ఒక చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. రెండున్నర వేస్తే 0.3 కూడా పోదు. ఉప్పుగాలికి మామూలు రాగి నల్లబడి పొడి అయిపోతుంది కాబట్టి తగరం పూత ఉన్న వైరే తీసుకోండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, పంపు కంపెనీ చెప్పిన సైజే వేయాలి. ఊరికే పోతోందని పెద్ద ఫ్యూజు వేయకండి. చెత్త పట్టి పంపు తిరగకుండా ఆగిపోతే వైరు కాలేది అప్పుడే.

నీళ్లు పెరగగానే తేలి పంపును తనంతట తానే నడిపించేది ఫ్లోట్ స్విచ్. దాని లైను మెయిన్ స్విచ్ ద్వారా పోకూడదు. మీరు మెయిన్ ఆపి ఇంటికెళ్లినా అది పనిచేయాలి.

కొందరు తమ్ముళ్లు రాత్రంతా పంపు ఆగి ఆగి తిరుగుతోంది, బ్యాటరీ దిగిపోతోంది అంటారు. పంపు ఆగగానే పైపులో మిగిలిన నీళ్లు వెనక్కి జారి ఫ్లోటును మళ్లీ లేపుతాయి. దానికి చాలామంది పైపు మధ్యలో, నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు పెడతారు. నాకది నచ్చదు. ఆ వాల్వులో చెత్త ఇరుక్కుంటే నీళ్లు బయటికే పోవు. దానికి బదులు అన్నిటికన్నా పల్లపు చోట సన్నటి పైపుతో చిన్న పంపు పెట్టండి, అందులో వెనక్కి జారే నీళ్లు తక్కువ. పెద్ద పంపును దానికి పది సెంటీమీటర్లు పైన, వేరే స్విచ్‌తో, బజరుతో పెట్టండి. చిన్నది ఓడిపోయిందని ఆ బజరే చెబుతుంది.

పాత బోట్లలో ఇంకో ప్రమాదం ఉంది. పాత ఇంజిన్ తీసి బరువైన ఫోర్ స్ట్రోక్ బిగిస్తే వెనక భాగం కిందికి దిగుతుంది. అప్పట్లో నీటికి పైన ఉన్న, పంపు నీళ్లు బయటికి పోసే పైపు మూతి, జనం ఎక్కాక నీట మునుగుతుంది. పంపు ఆగితే సముద్రం అదే దారిన లోపలికి వస్తుంది. నిండా మనుషులను ఎక్కించి చూసి, మూతిని పైకి మార్చండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో పడవలు గట్టు మీదే ఉంటాయి, ఫైబర్ పని చేసేవాళ్లు ఊళ్లోనే ఉంటారు. మీ పని కూడా అప్పుడే పెట్టుకోండి. పని అయ్యాక ఫ్లోటును వేలితో లేపి సరిపెట్టకండి. ఇంజిన్ ఆపి, వంద లీటర్లు కొలిచి అడుగున పోసి, ఎన్ని నిమిషాల్లో ఖాళీ అయిందో చూసి రాసిపెట్టుకోండి. వానలు మొదలయ్యే ముందు మళ్లీ పోసి చూడండి. టైము పెరిగితే ముందు జల్లెడ విప్పి చూడండి, ఆ తర్వాత వైరు జాయింట్లు.