చౌరస్తాలో గడియార స్తంభం: దాని పని, దాని జబ్బులు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నల్లగొండలో ఎవరికైనా దారి చెప్పాలంటే క్లాక్ టవర్‌తోనే మొదలుపెడతాం. పాలమూరులోనూ క్లాక్ టవరే గుర్తు. చేతి గడియారం కొద్దిమందికే ఉన్న కాలంలో అంగడికీ సర్కారు కచేరీకీ ఒకే టైమ్ చూపడానికి కట్టినవి ఇలాంటి స్తంభాలు.

ఇక్కడొక లెక్క ఉంది. మన దేశ సమయాన్ని 82.5 డిగ్రీల రేఖాంశానికి కట్టారు. నల్లగొండ 79.3 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, మనకు పొద్దు నడినెత్తికొచ్చేసరికి గడియారంలో సగటున 12 దాటి 13 నిమిషాలవుతుంది. పాలమూరులో 18. చౌరస్తాలో గడియారం నిలిపిన ఊరు తన పొద్దును పక్కనపెట్టి దేశపు పొద్దును ఒప్పుకుందన్నమాట.

పాతకాలపు చాబీ గడియారమైతే నాలుగు ముఖాలకూ యంత్రం ఒక్కటే. మధ్యలోంచి నాలుగు కడ్డీలు పళ్లచక్రాల మీదుగా ముళ్లకు పోతాయి. ఒక్క ముఖం వెనక పావురం గూడు కట్టి ముల్లు ఇరుక్కుంటే నాలుగూ ఆగిపోవచ్చు. మెషీన్ చెడిపోయిందని తీసి పారేసే ముందు ముళ్లను విడదీసి చూడండి, వెనక జాలీ బిగించండి. ఎండాకాలం ఇనుప లోలకం సాగుతుంది: 10 డిగ్రీల వేడి పెరిగితే రోజుకు 5 సెకన్లు వెనకబడుతుంది. అది జబ్బు కాదు. గుండు కింది నట్టును కొంచెం పైకి తిప్పితే చాలు. మీటరు పొడవు లోలకానికి మిల్లీమీటరులో పదోవంతు సవరణ సరిపోతుంది.

అసలు జబ్బు కిందినుంచి వస్తుంది. చుట్టూ రోడ్డు మీద పాత తారును చెక్కకుండా పైన కొత్త పొర వేస్తారు. ఒక్కో పొర 4 సెంటీమీటర్లనుకున్నా, ఐదుసార్లకు పీఠం 20 సెంటీమీటర్లు పూడుతుంది. వాననీళ్లు గోడలోకి తిరుగుతాయి. అది గానుగలో రుబ్బిన డంగు సున్నపు గోడైతే తేమను బయటికి వదిలేది. మనం సిమెంటు పూసి, ఎనామిల్ రంగు వేసి ఆ దారీ మూసేస్తాం. లోపల చిక్కిన తేమ ఉప్పును పైకి తెచ్చి, పూతను పెచ్చులుగా ఊడగొడుతుంది. పగిలిందని మళ్లీ సిమెంటే పూస్తాం. దయచేసి ఇది ఆపండి. సిమెంటు చెక్కేసి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో పూయండి, పూత ఆరిపోకుండా రోజుల తరబడి తడపండి.

ఇక చౌరస్తాలో ఉండే విగ్రహాల సంగతి. సిమెంటు విగ్రహాల్లో చాచిన చెయ్యి ముందు పోతుంది. లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, చంక దగ్గర సన్నని చీలిక తీస్తుంది. రంగుతో కప్పితే తెలియదు, కాబట్టి వానాకాలానికి ముందు నిచ్చెన వేసి చూడాలి. కంచు విగ్రహానికి బంగారు రంగు పూయడం ఇంకా పెద్ద తప్పు. మంచినీళ్లతో కడిగి, ఆరాక మైనం పట్టిస్తే చాలు.

రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఉన్నవాటిని చూసుకోవడమే ఇప్పుడు మన పని. ఫ్లెక్సీ కట్టేవాళ్లకూ ఒక మాట: చౌరస్తాలో కుడివైపునుంచి వచ్చే బండి కనబడాలి, అక్కడ గుడ్డ అడ్డం పెట్టకండి.

చివరగా శిలాఫలకం. అది షాబాదు రాయైతే యాసిడ్ చుక్క కూడా తగలనీయొద్దు, అది సున్నపురాయి, నురగలెత్తి అక్షరం కరిగిపోతుంది. రాత అచ్చు తీయాలంటే మెత్తటి బ్రష్షుతో నీళ్లు కొట్టి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో తట్టి, కొంచెం ఆరాక పైన సిరా అద్దండి. తెలుగైనా ఉర్దూ అయినా రాత తెల్లగా లేచి కనబడుతుంది. రంగు వేయడానికి ముందే ఈ అచ్చు తీసిపెట్టుకోండి.