పాత లెన్స్‌లో ఫంగస్: పారేసే ముందు టార్చ్ వేసి చూడండి (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. వారం నుంచి హైదరాబాద్‌లో ముసురు వదలట్లేదు. బీరువాల్లో ఉన్న పాత కెమెరాలు, లెన్స్‌ల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. కోఠీలో చాలా ఏళ్లు కెమెరాలు రిపేరు చేసిన పెద్దాయన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ మల్కాజిగిరి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా నాన్నగారి పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా ఉందండీ. ఆయన పోయాక తోలు కేసుతో సహా బీరువాలో దాచాం. మా అబ్బాయి ఫిల్మ్ వేసి తీస్తానంటే మొన్న బయటికి తీశాం. లెన్స్ లోపల తెల్లగా దారాల్లా ఏదో అల్లుకుంది. ఒక షాపులో చూపిస్తే ఇక పనికిరాదు, పారేయమన్నారు.

మెకానిక్: పారేయకండమ్మా. సరిగ్గా చూడకుండా అలా చెప్పకూడదు. మీ అబ్బాయిని లెన్స్ కెమెరా నుంచి విప్పమనండి. అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, దాని రింగును అన్నిటికన్నా చిన్న అంకె మీదకు తిప్పితే లోపలి బ్లేడ్లు పూర్తిగా తెరుచుకుంటాయి. గదిలో లైటు ఆపేసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయాలి. సూటిగా కాదు, కాస్త ఏటవాలుగా. ముందు నుంచి చూస్తూ లెన్స్‌ను మెల్లగా అటూ ఇటూ వంచితే లోపలున్నదంతా బయటపడుతుంది. అంచు దగ్గర మొదలై, చెట్టు వేళ్లలా చీలుతూ మధ్యకు పాకిన సన్నటి పోగులైతే ఫంగస్. అద్దమంతా ఒకే తీరున మసకబారితే అది చాలాసార్లు ఫోకస్ మరకు, అంటే ఫోకస్ తిప్పినప్పుడు లోపల కదిలే మరకు, పెట్టిన గ్రీజు. పాతబడి, దాని జిడ్డు అద్దం మీద పేరుకుంటుంది. విడివిడి చుక్కలైతే దుమ్ము. దుమ్ముకు బెంగపడక్కర్లేదు.

కాలర్: మాది పోగుల్లాగే ఉందండీ. ఫొటోల్లో అవి కనిపిస్తాయా?

మెకానిక్: పోగులు పోగులుగా కనిపించవు. ఫొటో వెలవెలబోతుంది. నలుపు నల్లగా రాదు. కిటికీ ముందు మనిషిని నిలబెట్టి తీస్తే తెల్లటి మసక కమ్ముతుంది. అంచున కొద్దిగా ఉంటే తేడా కూడా తెలియదు. అసలు గండం వేరే ఉంది. ఫంగస్‌కి తిండి పెద్దగా అక్కర్లేదు. కాస్త దుమ్ము, వేలిముద్రల జిడ్డు చాలు. పెరుగుతూ ఆమ్లాలు వదులుతుంది. అవి ముందు కోటింగ్‌ను, అంటే అద్దం మీది పల్చటి పూతను, తర్వాత అద్దాన్నే తినేస్తాయి. తొందరగా తుడిపిస్తే అద్దం మళ్లీ శుభ్రపడుతుంది. ఆలస్యమైతే ఫంగస్ పోయినా దాని జాడ చెక్కినట్టు మిగిలిపోతుంది, అది ఏ మందుకూ పోదు. అందుకని వానలు తగ్గాక చూద్దాంలే అనుకోకండి.

కాలర్: ఎండలో పెడితే చచ్చిపోతుందంటారు కదండీ?

మెకానిక్: కొంత అణుగుతుంది, అంతే. ఫంగస్‌ను గట్టిగా చంపే అతినీలలోహిత కిరణాలను ముందున్న అద్దాలే చాలావరకు ఆపేస్తాయి. చచ్చినా అది అద్దం మీదే ఉంటుంది, తుడవక తప్పదు. పైగా ఎండలో వదిలేసిన లెన్స్ వెలుగును ఒకచోట గుచ్చి, కింద బట్టకో కాగితానికో నిప్పంటించగలదు.

యాంకర్: ఇంట్లోనే విప్పి తుడుచుకోవచ్చా సార్? వీడియోలు బోలెడున్నాయి.

మెకానిక్: చవకగా దొరికిన లెన్స్ మీద నేర్చుకోవచ్చు. నాన్నగారి లెన్స్ మీద వద్దు. జపాన్ లెన్స్‌ల స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ అవి జేఐఎస్ రకం, అంటే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. మన ఇంట్లో ఉండే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి గాడి అరిగిపోతుంది. ఫోకస్ మర ఎక్కడ విడిపోయిందో గీత పెట్టుకోకుండా ఊడదీస్తే, తిరిగి బిగించాక చాలా దూరంలో ఉన్నవాటికి ఫోకస్ కుదరదు. మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు ఒక మాట అడగండి: ఫంగస్ అద్దం పైముఖం మీద ఉందా, రెండు అద్దాలు అతికించిన చోట ఉందా అని. పైముఖం మీదైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌కో వదులుతుంది. అతుకు మధ్యలోకి దూరితే నేనైతే ముట్టుకోను. శానిటైజర్ వాడే వాళ్లున్నారు; చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది. అసిటోన్ అసలే వద్దు, అద్దం అంచున వేసిన నల్ల రంగును కరిగించేస్తుంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తర్వాతి కాల్.

కాలర్: అన్నా నమస్తే. ఎర్రగడ్డ సండే మార్కెట్ల హీలియోస్ 44-2 లెన్స్ చూసిన. తక్కువకే ఇస్త అంటున్నడు. లోపల జర ఫంగస్ ఉన్నట్టుంది. తీసుకోవాల్నా, వద్దా?

మెకానిక్: మంచి లెన్స్ తమ్మీ. సోవియట్ కాలం సరుకు, 58 ఎంఎం, ఎఫ్2. లోపల ఆరు అద్దాలు, నాలుగు గ్రూపులు. ముందు ఒకటి, చివర ఒకటి విడి అద్దాలు. అపర్చర్‌కు అటూ ఇటూ ఉన్నవి అతికించిన జంటలు. టార్చ్ వేసి ముందు నుంచి చూస్తూ అపర్చర్ మూసెయ్. పోగులు మరుగైతే అవి బ్లేడ్ల వెనక ఉన్నట్టు. ఇంకా కనిపిస్తుంటే బ్లేడ్ల ముందున్నట్టు. ముందు అద్దం మీదో చివరి అద్దం మీదో ఉంటే, అమ్మేవాడికి కూడా చూపించి ధర తగ్గించి తీసుకో. అతుకులోకి పోయినట్టు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వదిలెయ్. హీలియోస్‌లు లక్షల్లో తయారైనయ్, ఇంకోటి దొరుకుతది.

కాలర్: అది తెస్తే నా మిగతా లెన్స్‌లకు గూడ అంటుకుంటదా అన్నా?

మెకానిక్: ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, నీ లెన్స్‌ల మీద ఇప్పటికే ఉంటాయి. తేమ దొరికితేనే మొలుస్తాయి. అయినా తుడిపించే దాకా వేరే డబ్బాలో పెట్టు.

యాంకర్: సైనిక్‌పురి నుంచి మరొకరు. చెప్పండి సార్.

కాలర్: నా దగ్గర సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్1.4 లెన్స్ ఉందండీ. అద్దం పసుపుపచ్చగా మారింది. ఇదీ ఫంగసేనా?

మెకానిక్: కాదండీ. ఆ లెన్స్‌లో చాలావాటికి ఒక అద్దంలో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపారు. దాని రేడియోధార్మికత వల్ల అద్దం ఏళ్ల తరబడి పసుపెక్కుతుంది. అతినీలలోహిత దీపం కింద కొన్ని రోజులు ఉంచితే బాగా తగ్గుతుంది. ఫొటోలు తీసుకోవడానికి భయం లేదు. ఆ అద్దాన్ని గీకడం, అరగదీయడం మాత్రం చేయకండి.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి ఆఖరి కాల్.

కాలర్: నమస్తే సార్. మా ఫ్లాట్‌లో బీరువా వెనక గోడ వానాకాలమంతా చెమ్మగానే ఉంటుంది. నాలుగైదు లెన్స్‌లున్నాయి. డ్రై క్యాబినెట్, అదే తేమను అదుపులో ఉంచే కరెంటు బీరువా, కొనాల్సిందేనా?

మెకానిక్: నాలుగైదింటికి అక్కర్లేదమ్మా. మూతకు రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు, చిన్న తేమ మీటర్, అంతే. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. రోజుల తరబడి 60 దాటితే ఫంగస్‌కి దారి ఇచ్చినట్టే. మరీ 30 కంటే దించకండి, లోపలి గ్రీజు ఎండిపోతుందని మా పనిలో భయం. రంగు మారే జెల్ కొనండి. నారింజ రంగుది ఆకుపచ్చకు తిరిగితే తేమతో నిండినట్టు. స్టీలు పళ్లెంలో పరిచి, ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచితే మళ్లీ పనికొస్తుంది. గాలి ఆడే బీరువాలో ఉత్త పొట్లాలు పడేస్తే లాభం లేదు, డబ్బా మూత గట్టిగా పడాలి.

కాలర్: బియ్యం డబ్బాలో పెట్టమని మా ఆడపడుచు అంటోందండీ.

మెకానిక్: వద్దమ్మా. బియ్యానికుండే తవుడు, పిండి సందుల్లోకి పోతాయి. అది ఫంగస్‌కి తిండే.

కాలర్: మరి తోలు కేసులు?

మెకానిక్: విడిగా పెట్టండి. తోలు చెమ్మను పీల్చుకుని చాలా రోజులు వదలదు. లెన్స్‌లను మాత్రం అప్పుడప్పుడూ బయటికి తీసి, ఫోకస్ రింగు ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పి, నాలుగు ఫొటోలు తీసి, పైన వేలిముద్రలు తుడిచి డబ్బాలో పెట్టండి.