చువాష్ కవి గెన్నాది ఐగి: ఈయన అనువాదాల గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరెందుకు? | రివ్యూ

నమస్తే అండీ. సోవియట్ పుస్తకాలు చదివి పెరిగినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మాస్కోలోనే తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర షాపుల్లో కారుచవకగా దొరికేవి. వాటి పుణ్యమా అని దగెస్తాన్ గమ్జాతోవ్, కిర్గిజ్ ఐత్మాతోవ్ మనకు ఇంట్లో మనుషుల్లా తెలుసు. గెన్నాది ఐగి పేరు మాత్రం నాకు ఆ అరల్లో ఎప్పుడూ కనపడలేదు. కనపడకపోవడంలో వింతేమీ లేదు లెండి, ఎందుకంటే ఆయన రష్యన్‌లో రాసిన కవితలు సొంత దేశంలోనే 1991 దాకా పుస్తకంగా రాలేదు. అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్లు, అంతకుముందే మ్యూనిక్‌లో, పారిస్‌లో పుస్తకాలు వచ్చేశాయి.

ముందు చువాష్‌వాళ్లెవరో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వోల్గా నది తీరం, చువాషియా అనే వీళ్ల రిపబ్లిక్‌కు చెబొక్సారి రాజధాని, రష్యాలో వీళ్ల జనాభా పది లక్షల పైచిలుకు. భాష టర్కిక్ కుటుంబానిదే గానీ, అందులో చాలా పాతకాలంలోనే విడిపోయిన ఒక కొమ్మ, ఆ కొమ్మలో ఇప్పటికీ బతికున్న భాష ఇదొక్కటే, అందుకే పక్కనే ఉన్న తాతార్లకు కూడా చువాష్ అర్థం కాదు. ఇప్పుడు వాడే లిపి 1870లలో ఇవాన్ యాకొవ్లెవ్ అనే పంతులుగారు తయారుచేసింది.

ఐగి 1934లో షైముర్జినో అనే పల్లెటూళ్లో పుట్టాడు. నాన్న ఊళ్లో రష్యన్ చెప్పే టీచరు, పూష్కిన్‌ని చువాష్‌లోకి తెచ్చిన మనిషి, యుద్ధానికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. అమ్మ తరఫున పాత చువాష్ దేవుళ్ల పూజారులున్న కుటుంబం. చెల్లెలు ఎవా లీసినా రచయిత్రి, తర్వాత చువాష్ బైబిల్ అనువాదానికి ఏళ్ల తరబడి పనిచేసింది. అంటే అనువాదం వీళ్లింట్లో తండ్రి నుంచి వచ్చిన ఆస్తి లాంటిది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను చెప్పాలనుకున్నదంతా దీని చుట్టూనే ఉంది.

1953లో మాస్కో గోర్కీ లిటరరీ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. మాస్కోకి దగ్గరే పెరెదెల్కినోలో 'డాక్టర్ జివాగో' రాసిన పాస్తెర్నాక్ ఉండేవాడు, ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1958లో మొదటి చువాష్ పుస్తకం వచ్చింది, అదే ఏడాది సోషలిస్ట్ రియలిజం (రచయితలకు సోవియట్ ప్రభుత్వం గీసిన గీత) పునాదుల్ని దెబ్బతీసే కవిత్వం రాశాడని కమ్యూనిస్టు యువజన సంఘం కొమ్సొమోల్ నుంచీ ఇన్‌స్టిట్యూట్ నుంచీ గెంటేశారు. పాస్తెర్నాక్‌తో ఆ చనువు కూడా అధికారుల కంట్లో పడింది. ఎలాగో 1959లో చదువు పూర్తిచేశాడు. రష్యన్‌లో రాయమని సలహా ఇచ్చింది పాస్తెర్నాక్, టర్కీ కవి నాజిమ్ హిక్మెత్ కూడా అదే మాట అన్నాడు, 1960 నుంచి సొంత కవిత్వం ఎక్కువగా రష్యన్‌లోనే. ఆ తర్వాత పదేళ్లు మయకోవ్స్కీ మ్యూజియంలో ఉద్యోగం. అక్కడ మలేవిచ్ లాంటి చిత్రకారుల ప్రదర్శనలకు పనిచేశాడు, బయట వాళ్ల బొమ్మలు చూసే దిక్కులేని రోజుల్లో.

ఇక్కడే ఐగి గురించి రాసే చాలామంది మీద నాకు కోపం. చువాష్ పల్లె నుంచి వచ్చాడు, రష్యన్‌కు మారాడు, పెద్ద ఆధునిక కవి అయ్యాడు, అయిపోయింది అన్నట్టు చెప్తారు. మరి చువాష్‌లో ఆయన చేసిన పని? ఫ్రెంచ్ కవి బోదలేర్‌ని మూలంలో చదవాలని ఫ్రెంచ్ నేర్చుకున్న మనిషి, ఐదు శతాబ్దాల ఫ్రెంచ్ కవుల్ని చువాష్‌లోకి దింపి 1968లో ఒక పెద్ద సంకలనం వేశాడు. ఒక్కసారి ఊహించండి, అంత చిన్న భాష, చదివేవాళ్లు అంతంతమాత్రం, సొంత కవితలకు అచ్చు లేదు, జేబులో డబ్బులు లేవు, అయినా కూర్చుని ఫ్రాన్స్ మొత్తాన్ని తన ఊరివాళ్ల భాషలో పలికించాడు. 1972లో ఫ్రెంచ్ అకాడమీ ఆ పుస్తకానికి బహుమతి ఇచ్చింది. తర్వాత హంగేరీ కవులు, ఆ తర్వాత పోలాండ్ కవులు. రష్యన్ కవులు త్వర్దోవ్స్కీనీ మయకోవ్స్కీనీ కూడా తెచ్చాడు. మాస్కోలో అచ్చుకు నోచుకోని మనిషికి ఆ అనువాదాల మీద వచ్చే కొద్దిపాటి డబ్బే చాలాకాలం జీవనాధారం.

ఇంకోవైపు చువాష్ కవిత్వాన్ని బయటికి పంపాడు. పాత ప్రార్థనలు, జానపద పాటల దగ్గర మొదలుపెట్టి ఇరవయ్యో శతాబ్దపు కవుల దాకా ఏరి, ముందుమాట రాసి, ఒక సంకలనం కూర్చాడు. అది హంగేరియన్, ఇటాలియన్ లాంటి భాషల్లోకి వెళ్లింది, ఇంగ్లిష్‌లో పీటర్ ఫ్రాన్స్ అనే ఆయన అనువాదంతో 1991లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల వయసుకే 'నార్స్పి' లాంటి కావ్యం రాసి ఇరవై నాలుగేళ్లకే పోయిన కాన్స్తాంతిన్ ఇవానోవ్, ఇరవై రెండేళ్లకే వెళ్లిపోయిన సెస్పెల్, వీళ్ల పేర్లు బయటివాళ్లు వింటున్నారంటే ఐగి చలవే.

ఇక ఆయన సొంత కవిత్వం. ఓపిక లేకపోతే కష్టం, ముందే చెప్తున్నా. పొలాలు, మంచు, అడవి, నిద్ర, నిశ్శబ్దం, ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. గీతలు, కోలన్లు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ. ఒక కవితలో అయితే పైన శీర్షిక, కింద 'a' అనే ఒక్క అక్షరం, అంతే, పేజీ మిగతా అంతా తెలుపు. మొదటిసారి చూస్తే ఇదేం కవితరా బాబూ అనిపిస్తుంది. ముందూ వెనకా ఉన్నవి చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగితే మాత్రం, ఆ ఒక్క అచ్చును నోటితో పలక్కుండా పేజీ తిప్పలేం. నాకు మరీ నచ్చింది కూతురు వెరొనికా మీద రాసిన పుస్తకం, 1983లో పాప మొదటి ఆరు నెలలు. ఇంకా మాటలు రాని బిడ్డ ముందు కూర్చున్న తండ్రి ఆ ఖాళీలన్నీ ఎందుకు వదిలాడో అక్కడ వివరించాల్సిన పనే ఉండదు. అన్నీ ఇంత మెత్తగా ఉండవు, స్నేహితుడు, అనువాదకుడు బొగతిర్యోవ్‌ని 1976లో ఇంటి గుమ్మం దగ్గరే కొట్టి వెళ్లారు, కొన్ని వారాలకు ఆయన చనిపోయాడు, ఆ రోజుల భయం ఐగి కవితల్లో అలాగే ఉంది.

అవార్డుల సంగతి త్వరగా చెప్పేస్తా: 1993లో పెట్రార్కా బహుమతి, 1994లో చువాషియా జాతీయ కవి, 2000లో పాస్తెర్నాక్ బహుమతి అందుకున్న మొట్టమొదటి కవి. 2006 ఫిబ్రవరిలో మాస్కోలో పోయాడు, షైముర్జినోలోనే పూడ్చారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, దయచేసి కఠినమైన కవితలతో మొదలుపెట్టి విసుగొచ్చి వదిలేయకండి. వోల్గా ప్రాంతపు జానపద పాటల మీద ఆయన అల్లిన నాలుగేసి పాదాల కవితలు పీటర్ ఫ్రాన్స్ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, ముందు అవి చదవండి, తర్వాత వెరొనికా పుస్తకం, ఆ తర్వాత చువాష్ సంకలనం. సంకలనం కొనాలంటే పాత పుస్తకాల సైట్లలో వెతకాలి. మీలో ఎవరైనా వీటిలో ఒక్క కవితైనా తెలుగు చేస్తే కింద కామెంట్‌లో పెట్టండి, వచ్చే వీడియోలో మీ పేరుతో చదివి వినిపిస్తాను.